అట్టపెట్టె దీపం, అత్తయ్యగారి రెండో కన్ను

మా అటక మీద అట్టపెట్టెలు ఉండేవి. ఉండేవి అంటే ఏవో నాలుగు మూలన పడి ఉండేవని కాదు. అదొక ఊరు. నడిమధ్యన ఫ్రిజ్ పెట్టె కలెక్టరాఫీసులా నిలబడి ఉండేది. దాని చుట్టూ మిక్సీ, గ్రైండరు, కుక్కరు, ఇస్త్రీపెట్టె, టేబులు ఫ్యానుల పెట్టెలు వీధులు వీధులుగా తీరి ఉండేవి. సందుల్లో సెల్‌ఫోన్ల పెట్టెలు. ఆ ఫోన్లు ఏ కాలవలో పడ్డాయో, ఎవరి జేబులోకి పోయాయో తెలియదు గానీ, వాటి పెట్టెలు మాత్రం చెయ్యి తగలని పట్టుచీరల్లా నలగకుండా ఉండేవి.

ఎందుకు దాచావని ఎవరైనా అడిగితే నా దగ్గర ఒకటే జవాబు: వారంటీ. వస్తువు చెడిపోతే పెట్టెతో సహా తెమ్మంటారు కదా. అందుకని ఏది కొన్నా దాని బిల్లు, వారంటీ కార్డు ఒక కాగితం కవర్లో పెట్టి, ఆ పెట్టె అడుగునే టేపుతో అంటించేవాణ్ణి. ఇంతటి కట్టుదిట్టం బ్యాంకు లాకర్లకి కూడా ఉండదు. మా ఆవిడ మాత్రం బూజులు దులపడానికి నిచ్చెన ఎక్కినప్పుడల్లా పైనుంచి ఒకే మాట అనేది.

"ఏవండీ, ఈ అటక విరిగి మన నెత్తిన పడితే మనకి వారంటీ ఉందా?"

ఆ పెట్టెల విలువ లోకానికి తెలిసే రోజొకటి రాకపోతుందా అని నేను ఎదురుచూస్తూ ఉండేవాణ్ణి. అది మా అత్తయ్యగారి కంటి ఆపరేషను రూపంలో వచ్చింది.

అత్తయ్యగారిది పామర్రు పక్కన పల్లె. రెండు కళ్ళకీ శుక్లాలు. ముందు కుడి కన్ను చేస్తాం, అది కుదుటపడ్డాక ఎడమది చేస్తాం అన్నారు డాక్టరుగారు. మధ్యలో నెల పైచిలుకు గడువు. ఆ నెలా పటమటలో మా ఇంట్లోనే ఉండాలని మా ఆవిడ పట్టు. ఆ పట్టులో న్యాయం ఉంది. ఆవిడ ఒకసారి పామర్రు బస్సెక్కారంటే మళ్ళీ ఆస్పత్రి గుమ్మం తొక్కరు. కుడికంటికి కట్టు విప్పిన రోజునుంచే రాగం మొదలుపెట్టారు కూడా.

"ఒక కంటితోనే ప్రపంచమంతా కనపడుతుంటే రెండోది కోయించుకోవడం దేనికే? దండగ."

ఆ ఎడమ కన్ను సంగతి నాకు బాగా తెలుసు. అంతకుముందు ఒకసారి మా గుమ్మం పక్కన కోటు తగిలించి ఉంటే, ఎవరో పెద్దమనిషి వచ్చాడనుకుని దానికి మంచినీళ్ళు ఇవ్వబోయారు. కోటు తీసుకోకపోతే నొచ్చుకున్నారు కూడా.

ఇంత చురుకైన మనిషిని ఒకచోట కూర్చోబెట్టగలిగింది ఈ భూమ్మీద ఒక్కటే. పేక. రమ్మీ ఆటలో మా అత్తయ్యగారిని ఓడించిన మనిషి పామర్రు నుంచి బందరు దాకా లేడని వాళ్ళ వైపు చెప్పుకుంటారు. డబ్బు పెట్టి కాదు, చింతగింజలు పెట్టి ఆడతారు. పాలిష్ పెట్టినట్టు మెరిసే ఆ చింతగింజల్ని ఒక హార్లిక్సు సీసాలో పోసుకుని, బట్టలతో పాటు ఏ ఊరికైనా వెంట తీసుకెళతారు. మా ఆవిడ పాఠాలు చెప్పే స్కూలు నుంచి వచ్చి కాఫీ తాగాక తల్లీకూతుళ్ళు హాల్లో దివాను మీద కూర్చుని ముక్కలు పంచుకోవడం, అదీ ఆవిడ దినచర్య. అది ఉంటే పటమటలో ఉంటారు. లేకపోతే పామర్రులో వాళ్ళ వరండా ఉంది, ట్యూబులైటు ఉంది, చేతులు దురద పెడుతూ ఎదురుచూసే నలుగురు పేకాట స్నేహితురాళ్ళు ఉన్నారు.

ఇక్కడే మా ఇంటి లైటు అడ్డుపడింది. హాలు మధ్యలో సీలింగునుంచి ఒక వైరు వేలాడుతుంది. దాని చివర హోల్డరు, హోల్డరుకి ఎల్‌ఈడీ బల్బు. ఆ బల్బు నేనే ఎంచి తెచ్చాను. కరెంటు తక్కువ కాలుతుంది, వేడెక్కదు, కానీ వెలుగు మాత్రం క్రికెట్ స్టేడియంలో పెట్టాల్సింది. మా కిటికీ తెరిచి అది వేస్తే బెంజిసర్కిల్లో లారీల వాళ్ళు మాకు డిమ్ కొట్టేవాళ్ళు. ఆపరేషనైన కంటికి అది గునపంలా గుచ్చుకునేది. పోనీ అని జీరో బల్బు పెడితే ఇస్పేటేదో కళావరేదో దేవుడికే తెలియాలి.

"బజార్లో ఒక షేడు కొనుక్కొద్దామండీ. కళ్ళల్లో పడకుండా కిందకి దించినట్టు ఉంటుందే, అది" అంది మా ఆవిడ.

"అటక మీద అంత అట్ట పెట్టుకుని షేడు కొనడమా?" అన్నాను నేను. నా గొంతు నాకే చాలా గంభీరంగా వినిపించింది.

అంతకు ముందే ఫోనులో ఒక వీడియో చూసి ఉన్నాను. ఏ దేశమో తెలియదు, తెల్లగోడల గదిలో ఒకావిడ పాత అట్టపెట్టె ముందు కూర్చుంటుంది. వెనక పిల్లనగ్రోవి. రెండుసార్లు కత్తెర ఆడిస్తుంది, ఒకసారి నవ్వుతుంది, బ్రహ్మాండమైన షేడు తయారు. ఆ వీడియోలో ఎవరికీ చెమట పట్టదు. కరెంటు పోదు. "ఆ చెత్తంతా హాల్లోనే వెయ్యాలా?" అని వంటింట్లోంచి ఎవరూ అరవరు.

ఇక ముందుకు పోయేముందు మా అత్తయ్యగారి మర్యాద సంగతి చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా పెళ్ళయిన నాటినుంచి ఆవిడ నాతో నేరుగా మాట్లాడింది తక్కువ. నేను ఎదురుగా కూర్చుని ఉన్నా "అల్లుడుగారిని ఇంకాస్త పప్పు వేసుకోమనవే" అని కూతురికే చెప్తారు. నేను హాల్లోకి వస్తే లేచి నిలబడతారు. నా ముందు పేకముక్క పట్టరు. నేను వస్తున్న చప్పుడైతే చాలు, పేక మొత్తం తలగడ కిందకి వెళ్ళిపోతుంది. ఆ విద్య చూస్తే సర్కసు వాళ్ళు ఉద్యోగమిస్తారు. అన్నిటికన్నా గట్టి నియమం ఇంకొకటి ఉంది. అల్లుడు చేసింది ఏదైనా బాగుందనాలి. ఉప్పులేని ఉప్మా చేసినా సరే, "ఉప్పు తగ్గించి మంచిపని చేశారు, ఆరోగ్యం" అంటారు.

నేను ఫ్రిజ్ పెట్టెని అటక దించి, హాల్లో పడుకోబెట్టి, వంటింటి కత్తిపీట మీద కూర్చున్నాను. అట్టని కత్తెరతో కోయడం ఆ వీడియో ఆవిడకి సాధ్యం. మన ఫ్రిజ్ పెట్టె ఏనుగు తోలు. అత్తయ్యగారు నల్లకళ్ళజోడు పెట్టుకుని దివాను మీద కూర్చుని చూస్తున్నారు. ఒకటి రెండుసార్లు ఏదో చెప్పబోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నా పనితనానికి మాటలు రావడం లేదనుకున్నాను.

అట్టని గుండ్రంగా చుట్టి, అందం కోసమని మేకుతో దాని చుట్టూ చుక్కలు పొడిచాను. నెమలి ఆకారం రావాలి. వచ్చింది జల్లెడ. సాయంత్రం దాన్ని బల్బుకి తగిలించి స్విచ్చి వేశాను. అంతవరకు ఆ గదిలో ఒక్క బల్బే ఉండేది. ఇప్పుడు ప్రతి చిల్లూ ఒక బల్బయింది. వెలుగు సూదులు గదినిండా లేచి గోడమీద, టీవీ మీద, మా ఆవిడ ముక్కుమీద, చివరికి సూటిగా అత్తయ్యగారి కుడికంట్లో దిగాయి. ఆవిడ చటుక్కున మొహం పక్కకి తిప్పుకున్నారు. తిప్పుకుని, గోడవైపు చూస్తూనే అన్నారు:

"నక్షత్రాల్లా ఎంత బాగుందే! అల్లుడుగారి చేతిలో కళ ఉంది."

ఆ మాటకి నేను పొంగిపోయిన పొంగుకి ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తాల్సి వచ్చేది.

నా పొంగు చల్లార్చడానికి కింద వాటా భాయ్ వచ్చాడు. ఆయనకి ఆటోనగర్లో లారీ స్పేరుపార్టుల కొట్టు. నన్ను అన్నయ్యా అంటాడు. ఆ చనువుతో నోటికొచ్చిందల్లా అంటాడు. గుమ్మంలో నిలబడి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు.

"ఏంటన్నయ్యా ఇది, కోళ్ళగంప తగలేశారు?"

"షేడు భాయ్. చేత్తో చేసింది."

"అదే, కాలితో చేసుండరులే. కొని తెచ్చుకోవచ్చుగా?"

"నేనూ అదే అంటున్నా అన్నయ్యా" అంది మా ఆవిడ వంటింట్లోంచి. "మా అమ్మ పడనివ్వట్లేదు. కొనుక్కొస్తే అల్లుడుగారు చిన్నబుచ్చుకుంటారట."

ఈ మాట నేను విన్నాను. వినీ, అత్తయ్యగారు నా పక్షాన ఉన్నారని ఇంకా రెచ్చిపోయాను. చిల్లులు పెట్టడం తప్పయింది, సరే. ఈసారి చిల్లులు లేకుండా చేస్తాను. మిక్సీ పెట్టెని తడిపి పైకాగితం ఒలిచాను. లోపల అలలు అలలుగా అట్ట బయటపడింది. వెలుగు ఆ అలల్లోంచి పలచగా, గోధుమరంగులో వస్తుంది. ఇది నిజంగానే బాగుంటుంది. కానీ అంటించడానికి గట్టి జిగురు కావాలి. టీవీ పక్కన కొండపల్లి ఏనుగుబొమ్మ ఉంది. అంబారీతో సహా ఏళ్ళుగా ఒక్క ముక్క ఊడలేదు. ఆ బొమ్మలకి చింతగింజల జిగురు వాడతారని ఎప్పుడో విన్నాను. ఏనుగుని నిలబెట్టిన జిగురు ఒక షేడుని నిలబెట్టలేదా? వంటింట్లో వెతికితే అలమరలో ఒక సీసా నిండా చింతగింజలు దొరికాయి. శుభ్రంగా కడిగి, మెరుస్తూ, నాకోసమే ఎవరో సిద్ధం చేసిపెట్టినట్టు ఉన్నాయి. వేయించి, నలగ్గొట్టి, ఉడకబెట్టాను. ఇల్లంతా తోలు కర్మాగారం వాసన.

అత్తయ్యగారు వంటింటి గుమ్మం దాకా వచ్చి, ఖాళీ హార్లిక్సు సీసా వైపు చాలాసేపు చూశారు.

"చూశావుటే, వృథా పోకుండా అల్లుడుగారు ఎంత సద్వినియోగం చేశారో" అన్నారు కూతురితో. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది. చింతగింజల పొట్టు అనుకున్నాను.

అవి ఆవిడ ఆటగింజలని మా ఆవిడ చెప్పేసరికి అవి పాయసంలా ఉడికిపోయి ఉన్నాయి.

కొండపల్లిలో ఆ బొమ్మల్ని ఎండలో ఆరబెడతారు. మా ఇంట్లో ఎండ ఎక్కడుంది? వానాకాలం. గోడలే చెమటలు కక్కుతున్నాయి. అప్పడాలు డబ్బాలోనే దోసెలవుతున్నాయి. షేడు మాత్రం పైకి బాగానే కనపడింది. తగిలించిన సాయంత్రం నేనే ముగ్ధుణ్ణయిపోయి కింద నిలబడి చూస్తూ ఉండిపోయాను. మర్నాటికి చీమలు వచ్చాయి. ఒకటీ అరా కాదు, ఊరేగింపు. సీలింగునుంచి వైరు మీదుగా దిగి, భోంచేసి, పిల్లల్ని కూడా తీసుకొచ్చాయి. చీమల కోసం బల్లి వచ్చింది. తేమకి అట్ట మెత్తబడి రోజురోజుకీ సాగుతూ, చివరికి ఓ సాయంత్రం బల్లితో సహా ఊడి టీపాయి మీద పడింది. మా ఆవిడ కెవ్వున కేకేసింది. బల్లి కూడా వేసే ఉంటుంది, వినపడలేదు.

అత్తయ్యగారు మాత్రం గుండె పట్టుకుని కూడా మర్యాద తప్పలేదు.

"పడినా చప్పుడే లేదు చూడు! అదే గాజుదైతే పగిలి చచ్చేవాళ్ళం."

మూడోది ఫ్యాను పెట్టెతో చేశాను. తీగతో కట్టాను, బజారు జిగురు పూశాను. పడలేదు, చీమలు పట్టలేదు. కానీ అడుగున వెడల్పు ఎక్కువై బల్బు సగం బయటికి కనపడుతూ, దివాను మీద కూర్చున్న వాళ్ళ మొహంలోకే చూసేది. నాకది తెలియలేదు. నేను నిలబడి చూసేవాణ్ణి కదా. అత్తయ్యగారు "ఇదింకా బాగుంది" అన్నారు. అని, దీపాలు పెట్టే వేళకి "గాలి ఆడట్లేదే" అంటూ నల్లకళ్ళజోడు సర్దుకుని బయటికి వెళ్ళసాగారు. ఏ గాలికి వెళుతున్నారో నాకు అర్థం కాలేదు. పటమటలో ఆ వేళకి గాలి ఉండదు. దోమలుంటాయి.

ఒకరోజు నేను ఆఫీసునుంచి వచ్చేసరికి మా ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మ ఆదివారం పామర్రు పోతానంటోంది. బ్యాగు కూడా సర్దేసుకుంది. ఇక రెండో కన్ను చేయించుకున్నట్టే."

"ఎందుకు? ఏం లోటు చేశాం?"

"కోడలు ఒక్కతే ఉందిట, గేదె ఈనుతుందిట, ఏవేవో చెబుతోంది. అసలు సంగతి మీ లైటేనండీ. ఆవిడ చెప్పదు, మీరు తెలుసుకోరు. మధ్యలో నా తల్లి కన్ను పోతోంది."

"బాగుందన్నారు కదా! మూడుసార్లూ బాగుందన్నారు!"

మా ఆవిడ నావైపు చూసిన చూపుకి షేడు లేదు.

కోపం వచ్చింది. అట్ట మీద, వాన మీద, ఆ వీడియో ఆవిడ పిల్లనగ్రోవి మీద, అన్నిటికన్నా ఎక్కువ మా అత్తయ్యగారి మర్యాద మీద. బాలేదని ఒక్క ముక్క మొదటిరోజే అని ఉంటే నేను ఇన్ని పెట్టెలు బలిచేసేవాణ్ణా? ఆ చిటపటలోనే సిగరెట్టు అలవాటు లేని మగవాడు చేసే పని చేశాను. ఊరికే గుమ్మం బయటికి వెళ్ళి నిలబడ్డాను. అదే సమయానికి కిందనుంచి భాయ్ పిల్లిలా మెట్లెక్కి వచ్చి, నోటిమీద వేలుంచుకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నయ్యా, చప్పుడు చెయ్యకుండా రండి. మీ అత్తగారు మెట్ల మలుపులో ఏం చేస్తున్నారో చూద్దురు గాని."

మా మెట్ల మలుపులో ఒక పాత పసుపు బల్బుంది. ఇల్లు కట్టిన మేస్త్రీ పెట్టినది, చుట్టూ ఇనప తీగల బుట్ట, దానినిండా దుమ్ము. దాని కింద పీట వేసుకుని అత్తయ్యగారు కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఎవరూ లేరు. రెండు ఆటలూ తనే పంచుకుని, ఒకసారి ఈ చేతి ముక్క, ఒకసారి ఆ చేతి ముక్క వేస్తున్నారు. చింతగింజలు లేవు కదా, శనగగింజలు పెట్టుకున్నారు. ఎదురుగా లేని మనిషిని ఓడించి ఒక శనగగింజ ఇటు జరుపుకున్నారు.

"నిన్న నేనూ ఒక ఆట వేశాలే. చిత్తుగా ఓడించారు" అని గొణిగాడు భాయ్. "అడిగితే చెప్పారు. ఆ లైటు కింద కూర్చుంటే కంట్లో కారం కొట్టినట్టుందట. 'మా అల్లుడికి చెప్పకు నాయనా, కష్టపడి చేశాడు' అన్నారు. నాకు నోరాగదని ఆవిడకి తెలీదు పాపం."

నేను దిగి వెళ్ళాను. నన్ను చూసి అత్తయ్యగారు గబుక్కున లేవబోయారు. తలగడ లేదు కాబట్టి ముక్కలు దాచే చోటు దొరక్క కొంగులో వేసుకున్నారు. నేను కింది మెట్టు మీద కూర్చున్నాను.

"నాకూ పంచండి అత్తయ్యగారూ."

ఆవిడ వెనక్కి తిరిగి చూశారు. మాట అప్పజెప్పడానికి కూతురు లేదు. గోడ ఉంది. గోడకే చెప్పారు.

"అయ్యో, అల్లుడుగారేంటి, నేనేంటి, ఆటేంటి!"

"ఒక్క ఆట. మీరు గెలిస్తే ఆ షేడు పీకి కాలవలో పారేస్తాను. నేను గెలిస్తే మీరు ఆదివారం బస్సెక్కకూడదు."

పెద్ద చిక్కులో పెట్టాననుకున్నాను. గెలిస్తే అల్లుడి కష్టాన్ని కాలవలో కలిపినట్టు. ఓడితే రెండో ఆపరేషను దాకా ఆ గునపం కిందే. ఆవిడ కాసేపు ఆలోచించి, కొంగులోంచి ముక్కలు తీసి పంచారు. జోకరు కోసం ముక్క తిప్పితే ఎనిమిది వచ్చింది. అంటే ఆ ఆటలో ఎనిమిదులన్నీ జోకర్లే, ఏ ముక్కకి బదులుగానైనా పనికొస్తాయి. భాయ్ పై మెట్టుమీద అంపైరులా కూర్చున్నాడు.

ఆట మొదలయ్యాక తెలిసింది నా స్థాయి. చేతిలో పదమూడు ముక్కలు, పదమూడు ఊళ్ళవాళ్ళు. ఒకదానికొకటి చుట్టరికం లేదు. అత్తయ్యగారు మాత్రం ఇస్పేటు తర్వాత ఇస్పేటు వేస్తూ పోతున్నారు. పాపం ముక్కలు పడటం లేదేమో అనుకుంటూ, నాకేవీ అక్కర్లేదని ప్యాకులోంచే ఎత్తుకుంటున్నాను. భాయ్ రెండుసార్లు దగ్గాడు. దోమ మింగాడనుకున్నాను. ఒక దశలో చేతిలో ముక్కలు పట్టక, ఎటూ అతకని ఆఠీను ఎనిమిది ఒకటి కనపడితే తీసి కింద పడేశాను.

అత్తయ్యగారు చేతిలో ముక్కలు కింద పెట్టేశారు.

"జోకరయ్యా అది!"

అంత గొంతు ఆవిడలో ఉందని నాకు ఆ రోజు వరకు తెలియదు. పై వాటాలో కుక్క మొరిగింది.

"జోకరు! జోకరు పారేస్తారుటయ్యా భూప్రపంచంలో ఎవరైనా? బుద్ధుందా నీకు? ఇందాకట్నుంచి ఓడిపోదామని ఇస్పేట్లన్నీ నీ మొహానే కొడుతున్నానే, ఒక్కటైనా ఎత్తుకున్నావా? ఎదుటివాళ్ళు గెలిపిస్తుంటే గెలవడం కూడా రాదుటయ్యా?"

"యా అల్లా" అన్నాడు భాయ్, భక్తిగా.

ఆవిడ నోటికి కొంగు అడ్డం వెళ్ళింది. కానీ ఆలస్యమైపోయింది. ఇన్నేళ్ళ మర్యాద మెట్ల మీద పడి దొర్లుకుంటూ వీధిలోకి పోయింది. కొంగు తీసేశారు.

"ఆ లైటూ అంతే. రాకపోతే రాదని చెప్పాలి. తిన్నగా కంట్లో కొడుతోంది. మొదటిది జల్లెడ, రెండోది బల్లిగూడు, మూడోది పెళ్ళివాళ్ళ లౌడు స్పీకరు. నా గింజలన్నీ ఉడకేశావు. మా అమ్మ నాటి గింజలయ్యా అవి!"

"మరి చెప్పొచ్చు కదా అత్తయ్యగారూ!"

"అల్లుడికి ఎలా చెప్తారయ్యా?" అని అరిచారు అల్లుడి మొహం మీదే.

ఆ అరుపుకి తలుపు తీసుకుని వచ్చిన మా ఆవిడ పై మెట్టు దగ్గర నిలబడిపోయింది. తల్లి మొగుణ్ణి తిడుతుంటే ఆ మొహంలో కనపడిన శాంతి నేను మా పెళ్ళినాడు కూడా చూడలేదు.

"చేటలకి, బుట్టలకి కాగితం నానేసి, మెంతులు వేసి రుబ్బి పూస్తాం. రాయిలా అవుతుంది. అట్ట మాత్రం కాగితం కాదూ? బేసిను బోర్లించి దానిమీద పూస్తే సరిపోయే. మొదటిరోజు నువ్వు కత్తిపీటెక్కినప్పుడే చెబుదామనుకున్నా. నోరు నొక్కుకున్నా."

మర్నాటినుంచి నా బతుకు మారిపోయింది. కంట్లో దుమ్ము పడకూడదు, వంగకూడదు, బరువెత్తకూడదు అని డాక్టరుగారు ఆవిడకి చెప్పి ఉన్నారు. కాబట్టి ఆవిడ డాబా మీద గొడుగు కింద కుర్చీ వేసుకుని నల్లకళ్ళజోడు పెట్టుకుని కూర్చుంటే, వంగేది నేను, ఎత్తేది నేను, తొట్లో కాళ్ళతో తొక్కేది నేను. అటక మీద మిగిలిన ఊరంతా ఖాళీ అయింది. పెట్టె తర్వాత పెట్టె నీళ్ళల్లో మునిగింది. "ఇంకా తొక్కవయ్యా, కాలు నొప్పెడుతోందా, నీ వయసులో మీ మావగారు వడ్లు తొక్కేవారు." అల్లుడుగారు ఎటు పోయారో తెలియదు. ఉన్నది నువ్వు, ఒరే అనడమొక్కటే తక్కువ.

నానిన అట్టని రుబ్బాలి. రోలు లేదు. ఉన్నది ఆ సంవత్సరమే కొన్న గ్రైండరు.

"నా గ్రైండర్లోనా!" అంది మా ఆవిడ.

"కడిగేసుకుంటే పోతుందే" అన్నారు వాళ్ళమ్మ.

మెంతులు, అట్టగుజ్జు వేసి స్విచ్చి నొక్కాను. గ్రైండరు మూలిగింది. మూలుగుతూ తిరిగింది. రెండో వాయి వేశాక మూలగడం మానేసి పొగ వదిలింది. నేను చలించలేదు. ఇలాంటి రోజుకోసమే కదా ఇన్నాళ్ళూ కాచుకుని ఉన్నది! వారంటీ ఉంది. పెట్టె ఉంది. పెట్టె అడుగున కవర్లో బిల్లుంది. ధీమాగా అటకెక్కాను. అటక నున్నగా, ఖాళీగా, తుడిచినట్టు ఉంది.

దిగివచ్చి గ్రైండర్లోకి తొంగిచూశాను. మెంతుల మధ్య నీలం సిరా అంటిన కాగితం ముక్క ఒకటి కనపడింది. అక్షరాలు తెలియడం లేదు గానీ కొట్టువాళ్ళ ముద్ర లాగే ఉంది. నా జీవితంలో పెట్టె అవసరమైన ఒకే ఒక్క రోజున, ఆ పెట్టెని ఆ గ్రైండరే నమిలేసింది.

"ఏమైందయ్యా, దేనికట్లా నిలబడ్డావు? మిగిలింది చేత్తో పిసుకు" అన్నారు అత్తయ్యగారు.

పిసికాను. బేసిను బోర్లించి, నూనె రాసి, మెత్తాను. "అక్కడ మందమయింది. ఇక్కడ పలచనయింది. గోడకి పేడ కొట్టినట్టు కాదయ్యా, బిడ్డకి నలుగు పెట్టినట్టు." ఎండ మొహం చూపించిన ఒకే ఒక మధ్యాహ్నం డాబామీద ఆరబెడితే, సగం ఆరాక వాన వచ్చింది. చంకలో పెట్టుకుని మెట్లమీద పరుగెత్తాను. ఆ చంక ఆకారం దానికి శాశ్వతంగా ఉండిపోయింది. తర్వాత ఫ్యాను కింద పెట్టి ఆరబెట్టాం. ఇల్లంతా మెంతులవాసన. ఆఫీసులో నా పక్కసీటాయన, ఇంట్లో ఎవరైనా బాలింతరాలున్నారా అని అడిగాడు.

శనివారం సాయంత్రం నెత్తిన చిల్లు పెట్టి దాన్ని బల్బుకి తగిలించాను. ఒకవైపు నొక్కుకుపోయి, బాతు కూర్చుని లేచిన గంపలా ఉంది. స్విచ్చి వేశాను. గదంతా చీకటి. దివాను మీద మాత్రం చాపంత వెలుగు, మెత్తగా, పరిచినట్టు పడింది. కళ్ళల్లోకి ఒక్క చుక్క రాలేదు.

అత్తయ్యగారు నల్లకళ్ళజోడు తీశారు. దివాను మీద కూర్చున్నారు. పైకి చూశారు. బాగుందంటారని చూశాను.

"వంకరగా ఉంది" అన్నారు. "కూచో. ముక్కలు కలుపు."

సర్దిన బ్యాగులోంచి పేక బయటికి వచ్చింది. దాని వెంట చీరలు కూడా బయటికి వచ్చి అలమరలోకి వెళ్ళిపోయాయి. ఆదివారం బస్సు గురించి ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ కాఫీ తెచ్చి, వాళ్ళమ్మ వెనక నిలబడి నా వైపు చూసింది. థాంక్సు చెబుతుందేమో అనుకున్నాను. "గ్రైండరు సంగతేం చేశారు?" అంది.

ఆ రోజునుంచి ప్రతి సాయంత్రం నన్ను ఓడిస్తున్నారు, తిడుతున్నారు. షేడు నొక్కుకుపోయినవైపు నాది. వెలుగంతా ఆవిడ ముక్కల మీద, నీడంతా నా ముక్కల మీద. కాస్త ఇటు తిప్పుతానని చెయ్యెత్తానో లేదో, "కదిపావంటే ఊరుకోను" అన్నారు. సర్వీసు సెంటరు వాళ్ళు బిల్లు లేనిదే గ్రైండరు ముట్టుకోమన్నారు. కొత్తది కొన్నాం.

ఎడమకంటి ఆపరేషనుకి వెళ్ళే రోజు పొద్దున్నే కింద ఆటో ఆగి ఉంది. భాయ్ బ్యాగు పట్టుకుని నిలబడ్డాడు. ఇంటికి తిరిగొచ్చాక పారేద్దామని, కొత్త గ్రైండరు పెట్టెని మడిచి గుమ్మం పక్కన పెట్టాను. నాకు ఇక పెట్టెల మీద నమ్మకం పోయింది. అత్తయ్యగారు గడప దాటబోతూ ఆగి, కుడికంటితో దాన్ని పైనుంచి కిందకి చూశారు.

"అది పారెయ్యకు. అటకమీద పెట్టు. పడగ్గదిలో బల్బు కూడా తిన్నగా కొడుతోంది. రెండో కన్ను కూడా అవనీ, చూద్దాం."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను నిచ్చెన తేవడానికి లోపలికి వెళ్ళాను.